లిపికారుడి తప్పు: ఎర్రగుడి బండ నుంచి ఫోన్ స్కాన్ దాకా

పోయిన ఏడాది గోనెగండ్ల నుంచి చిన్నాయన ఫోన్ చేశాడు. 1978 నాటి భాగపరిష్కార పత్రం కావాలన్నాడు. పొలం కాగితాల్లో ఏదో పేరు తేడా వచ్చింది, దాన్ని సరిచేయించడానికి. అసలు పత్రం పెట్టెలో చెదలు పట్టి పోయి నాలుగేళ్లయింది. అయినా నేను ధైర్యంగానే ఉన్నాను. ఎందుకంటే 2016లో సెలవులకి ఊరికి పోయినప్పుడు ఇంట్లో ఉన్న కాగితాలన్నిటినీ ఫోన్‌తో స్కాన్ చేసి పెట్టుకున్నాను. ఇంజనీరు కొడుకు ఉన్నందుకు ఇంటికి జరిగిన కొద్దిపాటి మేళ్లలో ఇది ఒకటి అని నా నమ్మకం. ఫోల్డర్ వెతికి, పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపాను.

పది నిమిషాల్లో మళ్లీ ఫోన్. "రేయ్, అంతా బాగానే ఉంది గానీ, మాయమ్మ ఏలిముద్ర యాడబోయిందిరా?"

తెరిచి చూశాను. అక్షరాలు అచ్చు వేసినట్టు ఉన్నాయి. కాగితం మల్లెపూవు తెలుపు. చివరి పేజీలో నాయన సంతకం ఉంది, చిన్నాయన సంతకం ఉంది, సాక్షుల సంతకాలు ఉన్నాయి. అవ్వ పేరు పక్కన మాత్రం ఖాళీ. ఆ ఖాళీలో రెండు మూడు నల్లటి చుక్కలు, చీమ నడిచిపోయినట్టు. అవ్వకి చదువు రాదు. ఆ పత్రంలో ఆమెది అంటూ ఉన్నది ఆ ఊదారంగు వేలిముద్ర ఒక్కటే. నేను దాన్ని శుభ్రం చేసేశాను.

ఈ వ్యాసం ఆ ఖాళీ గురించి. ఒక కాగితానికి నకలు తీసినప్పుడు ఏం మిగులుతుంది, ఏం పోతుంది, పోయినదానికి ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్న గురించి. ఇది ఫోన్‌తో పుట్టిన ప్రశ్న కాదు. మా జిల్లాలోనే దీనికి రెండు వేల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

ఫోన్ ఏం చేస్తుంది

స్కాన్ యాప్ చేసే పని మామూలు ఫోటో తీయడం కాదు. ముందు అది బొమ్మలో అంచులు వెతుకుతుంది. నాలుగు అంచులు కలిసి ఒక చతుర్భుజం అయితే అదే కాగితం అనుకుంటుంది. మనం ఫోన్‌ని ఏటవాలుగా పట్టుకున్నా సరే, ఆ వంకర చతుర్భుజాన్ని లెక్కలతో సాగదీసి తిన్నని దీర్ఘచతురస్రం చేస్తుంది. తర్వాత నీడలు తీసేస్తుంది. చివరికి, 'బ్లాక్ అండ్ వైట్' ఎంచుకుంటే, ప్రతి చుక్క దగ్గరా ఒక తీర్పు చెబుతుంది: ఇది సిరా, ఇది కాగితం. మధ్యస్థం లేదు.

ఆ తీర్పుకి ఒక గీత కావాలి. ఆ గీత కన్నా ముదురుగా ఉన్నది నలుపు, లేతగా ఉన్నది తెలుపు. గీత ఎక్కడ గీయాలో బొమ్మని బట్టి లెక్కగట్టే పద్ధతుల్లో బాగా పేరున్నది జపాన్‌కి చెందిన నొబుయుకి ఒత్సు 1979లో ప్రచురించినది. ఇప్పటి యాప్‌లు ఇంకా తెలివైన పద్ధతులు వాడతాయి, కానీ మూలసూత్రం అదే. ముప్పై ఎనిమిదేళ్లకి పసుపెక్కిన స్టాంపు కాగితం మీద వెలిసిపోయిన ఊదారంగు ఆ గీతకి తెలుపు వైపు పడింది. యంత్రం దృష్టిలో అది మరక. మరకలు తీసేయడమే దాని పని. నేను అడిగిందే అది చేసింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కొట్టేసిన చోట కొట్టేసినట్టు గుర్తేమీ లేదు. ఎవరైనా కత్తెరతో కత్తిరించి ఉంటే చిరుగు కనబడేది. ఇది మాత్రం ఎప్పుడూ ఏమీ లేనట్టే తెల్లగా ఉంది.

బండ మీద కాగితం

గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, కర్నూలు జిల్లాలోనే, ఎర్రగుడి ఉంది. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి: పద్నాలుగు పెద్ద శిలాశాసనాలతో పాటు చిన్న శాసనం కూడా. ఇవి 1929లో లోకానికి తెలిశాయి, అదీ ఒక భూగర్భశాస్త్రవేత్త కంటబడి. చిన్న శాసనంలో ఒక వింత ఉంది. కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, మరికొన్ని కుడి నుంచి ఎడమకి సాగుతాయి, మడక దున్నే ఎద్దులు సాలు చివర తిరిగొచ్చినట్టు.

ఇలాంటి శాసనాలని చదివేవాళ్లు నెలల తరబడి బండ ముందు కూర్చోలేరు. ముందు నకలు తీస్తారు. రాతిని కడిగి, తడి కాగితం పరిచి, గట్టి బ్రష్‌తో కొడతారు. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. కొంచెం ఆరాక సిరా అద్దిన మెత్తతో పైపైన తడతారు. చదునుగా ఉన్న చోట నలుపు అంటుతుంది, గుంటల్లో అంటదు. కాగితం తీసి చూస్తే నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు. ఇంగ్లీషులో దీన్ని ఎస్టాంపేజ్ అంటారు. నా కంటికి ఇది అచ్చంగా ఫోన్ చేసిన పనే. సిరా అంటిందా లేదా అన్న రెండే తీర్పులు. రాతిలో పగులున్నా అక్షరం గీతలాగే తెల్లగా వస్తుంది. అక్షరం అరిగిపోయి ఉంటే నల్లగా మునిగిపోతుంది. ఏది పగులు, ఏది అక్షరం అన్నది చదివేవాడు తేల్చుకోవాలి.

అయితే ఆ బండ మీదే నాకు ఇంకా పెద్ద విషయం కనబడింది. అశోకుడి పద్నాలుగో శిలాశాసనం ముందున్న పదమూడింటికి ఒక ముగింపు మాట లాంటిది. ఈ ధర్మలిపి ఒకచోట క్లుప్తంగా, ఒకచోట మధ్యరకంగా, ఒకచోట విస్తారంగా రాయించానని అందులో రాజు చెబుతాడు. అన్నీ అన్ని చోట్లా కుదరలేదని చెబుతాడు. ఎక్కడైనా అసంపూర్తిగా ఉంటే అందుకు కారణాలు చెబుతూ, లిపికారుడి తప్పు కూడా ఒక కారణం కావచ్చని ఒప్పుకుంటాడు. పాటలీపుత్రం నుంచి బయల్దేరిన పాఠం ఎన్ని చేతులు మారి ఎర్రగుడి చేరిందో గానీ, దారిలో చెడిపోయే అవకాశం ఉందని ఆ రాజుకి తెలుసు. తెలిసి, ఆ మాటని నకలు మీదే చెక్కించాడు. నేనెరిగిన ఏ స్కాన్ యాప్ కూడా ఇంత నిజాయితీగా లేదు.

కడితం, కవిలె, కైఫీయతు

అక్కడ నుంచి ఒక్క గంతులో రెండు వేల ఏళ్లు దాటాలి. 1800లో నిజాము మా ప్రాంతాన్ని కంపెనీకి ఇచ్చేశాడు. దత్తమండలాలకి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉండి పొలాలని ఒక్కొక్కటిగా కొలిపించాడు. ఆయనే 1827లో మద్రాసు గవర్నరు హోదాలో పర్యటనకి వచ్చి, మాకు పొరుగునే ఉన్న పత్తికొండలో కలరాతో చనిపోయాడు.

అప్పటికి ఊరి లెక్కలన్నీ కరణాల దగ్గర ఉండేవి. గుడ్డకి చింతగింజల అంబలి, బొగ్గు పట్టించి, ఆరబెట్టి, మడతలుగా మడిచి తయారుచేసిన నల్లటి పుస్తకం మీద బలపంతో రాసేవాళ్లు. దాన్ని కడితం అనేవాళ్లు. తాటాకుల మీద రాసిన ఊరి రికార్డులు కవిలెలు. కడితం చెరిపి మళ్లీ రాయొచ్చు. అంటే దాని విలువ పూర్తిగా కరణం మీద నమ్మకమే. కరణం మంచివాడైతే అది రికార్డు, కాకపోతే పలక.

ఈ కవిలెలకి నకళ్లు తీయించినవాడు కాలిన్ మెకంజీ. ఆయన సర్వేయరు. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయరు జనరల్ అయ్యాడు. ఆయన దగ్గర పనిచేసిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అన్నదమ్ములు తెలుగువాళ్లు. వాళ్లు, వాళ్ల కింది మనుషులు ఊరూరా తిరిగి, కరణాల కవిలెలు చూసి, పెద్దలని అడిగి రాసినవే కైఫీయతులు. కైఫీయతుల్లో నాకు నచ్చేది వాటి తీరు. ఏ ఊరిది, ఎవరు రాయించారు, ఏ కవిలె చూసి రాశారు అన్నది చాలా వాటిలో మొదట్లోనో చివర్లోనో ఉంటుంది. ఇప్పటి భాషలో చెప్పాలంటే అది మెటాడేటా.

మెకంజీ 1821లో చనిపోయాడు. ఆయన సేకరణ చెల్లాచెదురై, కాగితాలు పాడవుతున్న కాలంలో తెలుగు భాగానికి తిరిగి నకళ్లు రాయించినవాళ్లలో సి.పి. బ్రౌన్ ముఖ్యుడు. బ్రౌన్‌కి నకలు అంటే ఏమిటో బాగా తెలుసు. కడపలో సొంత బంగళాలో పండితులకి, లేఖకులకి జీతాలిచ్చి పెట్టుకున్నాడు. ఒకే కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్చి, తేడాలు గుర్తించి, శుద్ధప్రతి తయారుచేయించేవాడు. ఒక్క ప్రతిని ఎప్పుడూ నమ్మకూడదన్నది ఆయన పద్ధతిలో ఉన్న పాఠం. నేను 2016లో ఒక్క ప్రతి తీసుకుని, దాన్ని అసలుతో ఒకసారైనా పోల్చి చూడకుండా నిద్రపోయాను.

మన పాత లేఖకులు కూడా తాళపత్రం చివర ఒక విన్నపం చేసుకునేవాళ్లు. నేను చూసిన మూలంలో ఎలా ఉందో అలాగే రాశాను, తప్పులుంటే మన్నించండి అని. అశోకుడు ఎర్రగుడిలో చెప్పిందే ఇంకో రూపంలో.

ఫ్యాక్స్

దూరానికి నకలు పంపడం టెలిఫోన్ కన్నా పాతది అంటే చాలామంది నమ్మరు. స్కాట్లండ్‌కి చెందిన అలెగ్జాండర్ బెయిన్ అనే గడియారాల పనివాడు 1843లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఇటలీకి చెందిన జొవాన్ని కసెల్లి తయారుచేసిన పాంటెలిగ్రాఫ్‌తో 1865లో పారిస్, లియోన్ నగరాల మధ్య టెలిగ్రాఫు తీగ మీద చేతిరాత, సంతకాలు పంపడం మొదలైంది. బెల్ టెలిఫోన్ పేటెంటు 1876లో.

మనం ఎరిగిన ఫ్యాక్స్‌కి 1980లో గ్రూప్ 3 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. ఇందులో కాగితం అడ్డంగా 1728 చుక్కల వరస. ప్రతి చుక్కా నలుపో తెలుపో. చుక్కలన్నీ పంపితే చాలా సేపు పడుతుంది కాబట్టి, ఇన్ని తెలుపు, ఇన్ని నలుపు, మళ్లీ ఇన్ని తెలుపు అని లెక్క మాత్రం పంపుతుంది. ఎక్కువగా వచ్చే లెక్కలకి పొట్టి సంకేతాలు, అరుదైనవాటికి పొడుగువి. ఫోన్‌లో కర్ర్, కిచ్ అని వినబడే గోల ఈ లెక్కలే.

నా చిన్నప్పుడు ఆదోనిలో ఎస్టీడీ బూత్‌ల పసుపు బోర్డుల మీద చివర్లో ఫ్యాక్స్, జిరాక్స్ అని ఉండేవి. ఇప్పుడు ఆ బూత్‌లు లేవు. కానీ కొన్ని దేశాల్లో ఆసుపత్రులు, కోర్టులు, పన్ను కార్యాలయాలు ఇంకా ఫ్యాక్స్ అడుగుతాయి. అందుకే ఫోన్‌తోనే ఫ్యాక్స్ పంపే యాప్‌లు పుట్టాయి. వాటిలో తమాషా ఏమిటంటే, చేతిలో ఉన్నది ఫోనే అయినా అది నేరుగా ఫ్యాక్స్ చేయదు. మొబైల్ కాల్‌లో గొంతుని కుదించే పద్ధతి మనిషి మాట కోసం తయారైంది. ఫ్యాక్స్ చేసే గోల అందులో నలిగిపోతుంది. కాబట్టి యాప్ బొమ్మని ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉన్న సర్వరుకి పంపుతుంది, అక్కడి నుంచి అది ఫ్యాక్స్‌గా మారి అవతలి యంత్రానికి పోతుంది.

ఇంత తిప్పలు ఎందుకు పడతారు? ఈమెయిల్ చేస్తే పోదా? ఫ్యాక్స్‌లో నాకు అర్థమైన విలువ బొమ్మ నాణ్యతలో లేదు. కాగితం నెత్తిన సన్నటి గీతలా ఒక పంక్తి పడుతుంది: ఏ నంబరు నుంచి, ఏ తేదీ, ఎన్ని గంటలకి, ఎన్ని పేజీల్లో ఇది ఎన్నోది. పంపినవాడి చేతికి అందినట్టు రసీదు వస్తుంది. అంటే అది తాను నకలునని చెప్పుకునే నకలు. ఆ రసీదు రాకపోతే ఎంత గొడవవుతుందో 2018 నవంబర్‌లో దేశమంతా చూసింది. జమ్మూ కాశ్మీరులో ప్రభుత్వం ఏర్పాటు చేస్తామంటూ మెహబూబా ముఫ్తీ పంపబోయిన లేఖ రాజ్‌భవన్ ఫ్యాక్స్‌కి చేరలేదు. అదే రోజు శాసనసభ రద్దయింది.

ఆరు ఎనిమిదైతే

పాత లేఖకుడు తప్పు రాస్తే అది తప్పులా కనబడేది. అక్షరం వంకరపోతుంది, మాట మింగుడుపడదు, బ్రౌన్ లాంటివాడు పట్టుకుంటాడు. యంత్రం తప్పు చేస్తే ఎలా ఉంటుందో 2013లో తెలిసింది. జర్మనీలో డేవిడ్ క్రీసెల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక ఇంటి ప్లాను స్కాన్ చేసిన కాపీ చూశాడు. మూడు వేర్వేరు గదుల విస్తీర్ణం మూడుచోట్లా 14.13 చదరపు మీటర్లని ఉంది. అసలులో ఒకటి 17.42, ఒకటి 21.11. జిరాక్స్ కంపెనీ యంత్రంలో ఫైలు సైజు తగ్గించే పద్ధతి, ఒకేలా ఉన్నాయనిపించిన చిన్న బొమ్మలని ఒక్కసారే దాచుకుని, మిగతాచోట్ల దాన్నే అతికిస్తుంది. అలా ఒక అంకె స్థానంలో ఇంకో అంకె, పరిశుభ్రంగా, స్పష్టంగా వచ్చి కూర్చుంది. 6 చాలాచోట్ల 8 అయింది. కంపెనీ తర్వాత సాఫ్ట్‌వేర్ సవరణ విడుదల చేసింది.

సర్వే నంబరు 186 కాస్తా 188 అయితే ఏమవుతుందో మా వైపు రైతుని అడగండి.

అసలు ఎవరి దగ్గర

1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం దస్తావేజుని ఆఫీసు పుస్తకంలోకి ఎక్కించి, అసలుని మనకి తిరిగి ఇస్తారు. దశాబ్దాల పాటు ఈ ఎక్కించడం చేత్తో రాయడమే. 1998 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో కార్డ్ పేరుతో సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల్లో కంప్యూటర్లు వచ్చాక, చేత్తో రాయడం పోయి స్కాన్ చేసి దాచడం మొదలైంది. ఆ మధ్యలో, 1984 జనవరిలో, కరణాల వ్యవస్థే రద్దయింది. ఊరి కాగితాలకి ఒక మనిషి ముఖం ఉండే రోజులు అక్కడితో పోయాయి. ఆ ముఖాలన్నీ మంచివి కావు, అది వేరే కథ.

1872 సాక్ష్య చట్టం అసలు పత్రాన్ని ప్రాథమిక సాక్ష్యం అంది, నకలుని ద్వితీయ సాక్ష్యం అంది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం అమల్లోకి వచ్చింది. ఇందులో ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఇచ్చే ధ్రువపత్రంలో ఆ ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. నా వృత్తి వల్ల ఇది చదివి సంతోషపడ్డాను. ఫైలులో ఒక్క బిట్ మారినా హ్యాష్ మారిపోతుంది. కానీ ఆ సంతోషం కొద్దిసేపే. హ్యాష్ చెప్పేది ఈ ఫైలు అప్పటి నుంచి మారలేదని. ఫైలు కాగితంలాగే ఉందని కాదు. అవ్వ వేలిముద్ర లేని నా పీడీఎఫ్‌కి కూడా హ్యాష్ దివ్యంగా వస్తుంది.

2024 ఎన్నికల ముందు భూ హక్కుల చట్టం మీద మా ఊళ్లో అరుగుల మీద జరిగిన చర్చలో గట్టిగా వినబడిన మాట కూడా ఇదే: అసలు వాళ్ల దగ్గరుండి జిరాక్సు మన చేతిలో పెడితే ఎట్లా? ఆ చట్టం అదే ఏడాది రద్దయింది. అందులో ఎవరి వాదన సరైనదో తేల్చడం ఇక్కడ నా పని కాదు. రైతు ఇంట్లో అసలు పత్రానికి పసుపు కుంకుమ పెట్టి పెట్టెలో దాచుకునే భయం వెనక ఉన్న తెలివిని మాత్రం నేను ఆలస్యంగా గుర్తించాను. చదువుకున్నవాడిని కదా, ఫోల్డర్ ఉంది చాలనుకున్నాను.

మళ్లీ ఆ ఖాళీ దగ్గరికి

చివరికి చిన్నాయన రిజిస్ట్రారు ఆఫీసులో ధ్రువీకరించిన నకలు తీసుకున్నాడు. పని జరిగింది. ఆ నకలు ఫోటో నాకు పంపాడు. 1978లో ఏ గుమాస్తానో పుస్తకంలోకి చేత్తో ఎక్కించిన పాఠం. వంకర టింకర రాత. చివర్లో సంతకాల చోట, అవ్వ పేరు పక్కన, "నిశాని" అని రాసి ఉంది.

వేలిముద్రని చేత్తో నకలు తీయడం ఎవరి తరమూ కాదు. ఆ గుమాస్తాకి అది తెలుసు. అందుకని బొమ్మ గీయలేదు, వదిలేయనూ లేదు. ఇక్కడ ఒక మనిషి వేలు పెట్టింది అని మాటలో చెప్పాడు. కింద రాసినవాడి పొడి సంతకం, పోల్చి చూసినవాడి పొడి సంతకం. నా ఫోన్ పన్నెండు మెగాపిక్సెళ్లతో పోగొట్టింది, ఆయన నాలుగు అక్షరాల్లోపే కాపాడాడు. చట్టం ముందు మా అవ్వ ఆ పంపకానికి ఒప్పుకుందనడానికి ఇప్పుడు మిగిలిన సాక్ష్యం ఆ మాటే.

వేలిముద్ర చూడాలని మాత్రం నాకు ఉంది. అది ఇక కుదరదు.

ఫోన్‌తో స్కాన్ చేయొద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. చెదలకన్నా ఫోనే నయం. రంగుల్లోనే తీయండి, బ్లాక్ అండ్ వైట్ వద్దు. తీశాక కాగితం పక్కన పెట్టుకుని పేజీ పేజీ పోల్చండి, ముఖ్యంగా అంకెలు, ముద్రలు, వెనకవైపు రాతలు. అసలుని పారేయకండి. ఇవన్నీ అందరికీ తెలిసినవే. నేను కొత్తగా నేర్చుకున్నది ఒక్కటే, దాన్ని అశోకుడి దగ్గరా ఆ గుమాస్తా దగ్గరా నేర్చుకున్నాను. మొన్న ఆ ఫోల్డర్‌లో పీడీఎఫ్ పక్కన ఒక చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టాను. అందులో ఇలా రాశాను:

"ఇది 1978 నాటి భాగపరిష్కార పత్రానికి నకలు. 2016లో గోనెగండ్లలో ఇంట్లో ఫోన్‌తో తీసింది. అసలు ఇప్పుడు లేదు. చివరి పేజీలో అవ్వ పేరు పక్కన ఊదారంగు వేలిముద్ర ఉండేది. ఇందులో లేదు. తప్పు స్కాన్ చేసినవాడిది."